పంటి డాక్టరా? ఒంటి డాక్టరా?

"మా అమ్మాయికి నీట్ పరీక్షలో వచ్చిన ర్యాంకుకి ఎమ్.బి.బి.ఎస్. సీటు రాదట. బి.డి.ఎస్. అయితే వస్తుందట. మరో ఏడాది లాంగ్ టర్మ్‌లో చేరమని వాళ్ళ నాన్నగారు పట్టుబడుతున్నారు. పిల్ల అన్నం సహించక, నిద్ర పట్టక చిక్కి సగమైంది. ఏం చెయ్యమంటారు?"

ఫలితాలు వచ్చాక ఎన్నో ఇళ్ళల్లో తల్లులు అడిగే ప్రశ్న ఇది.

ముందు పిల్ల ఆరోగ్యం సంగతి చూడండి. రెండు వారాలు దాటినా ఆకలీ నిద్రా లేక, దేనిమీదా ఆసక్తి లేకుండా ముభావంగా ఉంటే "పరీక్ష బెంగలే" అని ఊరుకోకండి. డాక్టరుకి చూపించండి. "చచ్చిపోతే బాగుండు" అన్న మాట ఒక్కసారి నోట వచ్చినా ఒంటరిగా వదలకండి. ఆ రోజే తీసుకెళ్ళండి. ప్రభుత్వంవారి టెలిమానస్ 14416 నంబరుకి ఏ వేళప్పుడైనా ఫోను చెయ్యవచ్చు.

పళ్ళ డాక్టరంటే చిన్నచూపా?

మెడిసిన్ సీటు రానివాళ్ళ చదువు దంతవైద్యం అని మనలో ఒక అపోహ ఉంది. నోరు శరీరంలో భాగం కాదా? మధుమేహం అదుపులో లేనివారికి చిగుళ్ళ జబ్బు ఎక్కువ. నల్గొండ జిల్లాలో నీటిలోని ఫ్లోరైడు మొదట బయటపడేది పిల్లల పళ్ళమీద మచ్చల రూపంలోనే. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల్లో కొందరు స్త్రీలు చుట్ట నిప్పును నోటి లోపల పెట్టుకుని అడ్డపొగ తాగుతారు. దానివల్ల అంగిట్లో వచ్చే కాన్సరును తొలిదశలో కనిపెట్టగలిగేది తరచు దంతవైద్యుడే.

చదువులో తేడా

ఎమ్.బి.బి.ఎస్. నాలుగున్నరేళ్ళు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. బి.డి.ఎస్. నాలుగేళ్ళు, ఆపైన ఏడాది. శరీర నిర్మాణం, శరీర ధర్మాలు, జీవరసాయనం మొదటి ఏడు ఇద్దరికీ ఉంటాయి. అయితే బి.డి.ఎస్. విద్యార్థి మొదటి సంవత్సరంలోనే మైనం దిమ్మను చెక్కి పన్ను ఆకారం తేవాలి. చేతిపని మీద మక్కువ లేకపోతే అక్కడే విసుగు పుడుతుంది.

ఇక్కడొక హెచ్చరిక. "ముందు బి.డి.ఎస్. కానిచ్చి తర్వాత ఎమ్.డి. చెయ్యొచ్చు" అని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆ దారి లేదు. బి.డి.ఎస్. తర్వాత ఉన్నది మూడేళ్ళ ఎమ్.డి.ఎస్. దానికి ప్రవేశ పరీక్ష కూడా వేరు. ఎగుడుదిగుడు పళ్ళు సరిచెయ్యడం, పిల్లల దంతవైద్యం, కట్టుడు పళ్ళు, చిగుళ్ళ చికిత్స వంటి శాఖలు అందులో ఉన్నాయి. ఆపరేషన్ల మీద ఆసక్తి ఉంటే ముఖం, దవడల శస్త్రచికిత్స ఉంది. విరిగిన దవడలు, గ్రహణం మొర్రి, దవడల్లో కణుతులు ఆ శాఖవారు చూస్తారు. బ్రిటన్‌లో ఆ శాఖకు వైద్యం, దంతవైద్యం రెండు డిగ్రీలూ కావాలి. మన దేశంలో ఎమ్.డి.ఎస్. చాలు.

బతుకులో తేడా

వైద్యుడికి రాత్రి డ్యూటీలు, అత్యవసర కేసులు, కళ్ళముందే పోయే ప్రాణాలు తప్పవు. ఎమ్.బి.బి.ఎస్. తర్వాత స్పెషలిస్టు కావాలంటే మళ్ళీ పోటీ పరీక్ష, మరో మూడేళ్ళు. గుండె, మెదడు వంటి ప్రత్యేక శాఖలకు ఆపైన ఇంకో మూడేళ్ళు.

దంతవైద్యుడికి సాధారణంగా వేళలు తన చేతిలో ఉంటాయి. కాని రోజంతా వంగి, చిన్న నోట్లో సన్నని పని చెయ్యాలి. మెడనొప్పి, నడుంనొప్పి ఈ వృత్తిలో మామూలు. సర్కారు ఉద్యోగాలు తక్కువ. సొంతంగా పెట్టుకుందామంటే కుర్చీ, కంప్రెసరు, ఎక్స్‌రే యంత్రం, పరికరాలను శుభ్రపరిచే ఆటోక్లేవు కొనాలి. చదువు ఫీజుతోపాటు ఈ ఖర్చు కూడా ఇప్పుడే లెక్క వేసుకోండి.

ఈ పని చేసి చూడండి

తెలిసిన దంతవైద్యుణ్ణి అడిగి అమ్మాయిని రెండు రోజులు ఆయన క్లినిక్‌లో కూర్చోబెట్టండి. మరో రెండు సాయంత్రాలు పెద్దాసుపత్రిలో పనిచేసే డాక్టరు వెంట పంపండి. ఇంటికొచ్చాక, "ఎక్కడున్నప్పుడు నీకు టైము తెలియలేదు?" అని మాత్రం అడగండి. ఆ జవాబు ర్యాంకు కార్డులో దొరకదు.

మెడిసినే కావాలని పిల్ల తనకు తానుగా అంటే మరో ఏడాది చదవనివ్వండి. కాని అది ఒక్క ఏడాదేనని ముందే అనుకోండి. రోజూ ఏడెనిమిది గంటల నిద్ర తగ్గనివ్వకండి. ఆ కోరిక నాన్నగారిది మాత్రమే అయితే పిల్లను బలవంతపెట్టకండి. దంతవైద్యం నచ్చితే ధైర్యంగా చేర్పించండి. చేరేముందు, మధ్యలో సీటు వదిలేస్తే కట్టవలసిన సొమ్మెంతో ఆ ఏటి కౌన్సెలింగు ప్రకటనలో చదువుకోండి.

ముప్ఫై నలభై ఏళ్ళపాటు ఆ పని చెయ్యవలసింది మీ అమ్మాయి. చుట్టాలు అడిగే ప్రశ్న రెండు పెళ్ళిళ్ళతో సరి. ఈ రాత్రికి ర్యాంకు మాట ఎత్తకుండా, నాన్నగారు కూడా పక్కన కూర్చుని, ముగ్గురూ కలిసి భోంచెయ్యండి.