64 మెగాపిక్సెళ్లు ఎవరి కోసం?

దసరా అమ్మకాలు మొదలయ్యాయంటే చాలు, ఒక రకం పెట్టె ఇళ్లకు చేరడం మొదలవుతుంది. పైన పెద్ద అక్షరాల్లో '64 మెగాపిక్సెల్', పక్కన '4కె', కింద '16ఎక్స్ జూమ్'. లోపల అరచేతిలో ఇమిడే డిజిటల్ కెమెరా, రెండు బ్యాటరీలు, ఒక మెమరీ కార్డు, మెడలో వేసుకునే తాడు, చిన్న సంచి. ధర ఐదారు వేలు. కంపెనీ పేరు ఇంతకు ముందు ఎవరూ విని ఉండరు, వచ్చే ఏడాది వినబోరు కూడా. ఇంటర్ పాసైన మేనకోడలికి మేనమామ కొనిస్తాడు. రిటైరవుతున్న మాస్టారికి స్టాఫంతా చందాలు వేసుకుని ఇస్తారు. అందరూ వేసుకున్న లెక్క ఒకటే: పేరున్న కంపెనీలు ఎన్నో రెట్లు ఎక్కువ తీసుకుని 20 మెగాపిక్సెళ్లే ఇస్తున్నాయి, వీళ్లు ఆరు వేలకే 64 ఇస్తున్నారు. ఇంత బేరం ఎవరు వదులుకుంటారు?

ఆ కెమెరా పగటిపూట వాకిట్లో ఫర్వాలేదనిపిస్తుంది. సాయంత్రం హాల్లో ట్యూబ్‌లైటు కింద కేకు కోస్తుంటే తీసి చూడండి. చెయ్యి కదిలిన చోట మరక, జుట్టంతా ఒకే నల్లటి ముద్ద, వెనక గోడ నిండా రంగురంగుల చుక్కలు. ఫోన్లోకి ఎక్కించి వేళ్లతో పెద్దది చేస్తే పగిలిపోతుంది. అయినా ఈ సరుకు ఏటా అమ్ముడవుతూనే ఉంది, ఎందుకంటే ఇది కానుకగా పోయే వస్తువు. కొన్నవాళ్లు వాడరు. వాడాల్సిన అమ్మాయి నోరెత్తదు. 'చాలా బాగుంది మావయ్యా' అని రెండు ఫొటోలు తీసి బీరువాలో పెట్టేస్తుంది. ఈలోగా రిటర్న్ గడువు దాటిపోతుంది. ఫిర్యాదే రాని సరుకును మించిన వ్యాపారం ఏముంటుంది?

మెగాపిక్సెల్ అంటే పది లక్షల చుక్కలని బడిపిల్లలకూ తెలుసు కాబట్టి అక్కడి నుంచి మొదలుపెట్టను. అడగాల్సింది ఆ 64 ఎక్కడి నుంచి వచ్చాయని. ఈ ధరలో దొరికే పేరులేని కెమెరాల్లో చాలావాటి సెన్సర్ నిజంగా చూసేది అందులో ఏ కొద్ది భాగమో. మిగతా చుక్కలను సాఫ్ట్‌వేర్ ఇరుగుపొరుగు చుక్కల రంగు చూసి ఊహించి నింపుతుంది. ఆ పనిని ఇంటర్‌పొలేషన్ అంటారు. నలుగురికి కాచిన చారులో నీళ్లు పోసి నలభై మందికి వడ్డించడం ఇది. గిన్నె నిండుగానే కనిపిస్తుంది. కొన్ని పెట్టెల మీద చీమ తలకాయంత అక్షరాల్లో ఆ మాట రాసే ఉంటుంది కూడా. కొత్త వివరం ఒక్కటీ రాదు కానీ ఫైలు సైజు మాత్రం నిజంగానే పెరుగుతుంది. కార్డు తొందరగా నిండటమే మీకు దక్కే అదనం.

సరే, 64 నిజమే అనుకుందాం. ఏం చేసుకుంటారు? ఆల్బమ్‌లో పెట్టే 4×6 ప్రింటుకు అంగుళానికి 300 చుక్కల లెక్కన 21.6 లక్షల చుక్కలు, అంటే రెండు మెగాపిక్సెళ్ల పైచిలుకు చాలు. ఎ4 సైజుకు పెంచి ఫ్రేము కట్టించినా తొమ్మిది దాటదు. హాల్లోని 4కె టీవీ తెర మొత్తం కలిపినా 83 లక్షల చుక్కలే. వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది ఎటూ ఫొటోను కుదించే పంపుతుంది. కూడలిలో కట్టే నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీకి కూడా ఇన్ని అక్కర్లేదు, దాన్ని ఎవరూ అడుగు దూరంలో నిలబడి చూడరు కనుక.

ఫొటో బాగుండటం చుక్కల లెక్క మీద కన్నా సెన్సర్ మీద పడే వెలుతురు మీద ఆధారపడుతుంది. మామూలు కాంపాక్ట్ కెమెరాల్లో వాడే 1/2.3 అంగుళాల రకం సెన్సర్ సుమారు 6.2 మి.మీ. పొడవు, 4.6 మి.మీ. వెడల్పు. చిటికెన వేలి గోరు కన్నా చిన్నది. ఒక అంగుళం రకం అనేది 13.2×8.8 మి.మీ., వైశాల్యంలో దానికి నాలుగు రెట్లు. లెన్స్ మార్చుకునే పెద్ద కెమెరాల్లో వాడే ఎపిఎస్-సి రకం పదమూడు రెట్లు. అంత చిన్న గోరు మీద చుక్కలు పెంచుకుంటూ పోతే గోరు పెరగదు, ఒక్కో చుక్కకు దక్కే చోటు తగ్గుతుంది. వెలుతురు తక్కువైన చోట ఆ రంగు చుక్కలు అందుకే.

ఈ సంగతి కంపెనీలకు తెలియక కాదు. కానన్ 2008లో పవర్‌షాట్ జి10ని 14.7 మెగాపిక్సెళ్లతో తెచ్చింది. ఏడాది తిరగ్గానే జి11లో వాటిని 10కి తగ్గించింది, తక్కువ వెలుతురులో ఫొటోలు మెరుగుపడాలని. అంకె పెంచుకుంటూ పోవడమే వ్యాపారమైన కంపెనీ తనంతట తాను వెనక్కి అడుగేసింది! 2012లో వచ్చిన సోనీ ఆర్‌ఎక్స్100లో 20 మెగాపిక్సెళ్లు. 2019లో దాని ఏడో తరం వచ్చేసరికి లెన్స్ మారింది, ఫోకస్ మారింది, ధర ఇంచుమించు రెట్టింపయింది. ఆ 20 మాత్రం అలాగే ఉంది.

'మరి ఫోన్లలో 200 ఉంటున్నాయి కదా' అనే గడుసు ప్రశ్న ఒకటి తప్పకుండా వస్తుంది. 200 మెగాపిక్సెళ్ల శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్23 అల్ట్రాలో మీరు ఏ సెట్టింగూ ముట్టుకోకుండా తీసే ఫొటో 12 మెగాపిక్సెళ్లదే. పదహారు చుక్కలను ఒకటిగా కలిపి వాడుకుంటుంది. అంత ఖరీదైన ఫోనే అన్నీ కలుపుకుని పన్నెండుతో సర్దుకుంటుంటే, ఆరు వేల ప్లాస్టిక్ పెట్టె ఉన్నవాటిని సాగదీసి 64 చేస్తోంది.

షాపులోనే తేల్చుకోవాలంటే లెన్స్ చుట్టూ చెక్కిన అంకెలు చూడండి. కానన్ ఇక్సస్ 285 మీద '4.5–54.0' అని ఉంటుంది. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే 12. అది 12 రెట్ల ఆప్టికల్ జూమ్, అంటే లెన్స్ నిజంగా ముందుకూ వెనక్కూ కదులుతుంది. పెట్టె మీద 16ఎక్స్ అని ఉండి లెన్స్ మీద ఒక్క అంకే ఉందా? అది డిజిటల్ జూమ్, అంటే ఫొటో మధ్యలోంచి చిన్న ముక్క కత్తిరించి పెద్దది చేయడం. ఆ పని ఇంట్లో ఫోన్లో ఉచితంగా చేసుకోవచ్చు. ఫ్లాష్ కూడా చూడండి. ఒక్క క్షణం కళ్లు బైర్లు కమ్మేలా మెరిసిందా, టార్చిలా వెలిగి ఊరుకుందా? రెండోదైతే అది చిన్న ఎల్ఈడీ దీపం, దాంతో కదిలే పిల్లల్ని పట్టుకోలేరు. సెన్సర్ సైజు ఎక్కడా రాయకపోతే ఇక వేరే పరీక్ష అక్కర్లేదు.

మిగతా నమ్మకాలకు ఇంత చోటు దండగ. జపాన్‌లో తయారైతేనే మంచిదట: ఫోటోప్రియులు నెలల తరబడి వరసలో నిలబడి కొన్న ఫుజి ఎక్స్100-6 చైనాలో తయారవుతోంది. కొడాక్ మళ్లీ కెమెరాలు చేస్తోందట: కొడాక్ 2012లో దివాలా పిటిషన్ వేసి డిజిటల్ కెమెరాలు మానేసింది, ఇప్పుడు వస్తున్నవి ఆ పేరును లైసెన్సు మీద వాడుకుంటున్న జేకే ఇమేజింగ్ లాంటి కంపెనీలవి. ఫ్లాష్ ఉంటే వేదిక మీద నాట్యం కూడా వెలుగుతుందట: చిన్న కెమెరా ఫ్లాష్ మూడు నాలుగు మీటర్లు దాటదు, వెలిగేది మీ ముందు వరసలో కూర్చున్నాయన బట్టతల.

కాలేజీ పిల్లల్లో ఇంకోటి తిరుగుతోంది. పాత కెమెరాల్లోని సీసీడీ సెన్సర్‌లో ఏదో మాయ ఉందని, ఆ రంగులు ఇప్పటివాటిలో రావని. సీసీడీ గొప్ప ఆవిష్కరణే. 1969లో బెల్ ల్యాబ్స్‌లో దాన్ని కనిపెట్టిన విలర్డ్ బాయిల్, జార్జ్ స్మిత్‌లకు 2009లో నోబెల్ కూడా వచ్చింది. కానీ ఆ పిల్లలు ముచ్చటపడుతున్న ఫొటోల్లో ముఖం తెల్లగా మెరిసి వెనకంతా చీకటైపోవడం, కళ్లలో ఎర్రచుక్క, జుట్టు మీద మెరుపు ఇవన్నీ లెన్స్ పక్కనే ఉన్న గట్టి ఫ్లాష్ చేసే పని. కొత్త కెమెరాలోనూ ఫ్లాష్ వేసి తీయండి, వస్తుంది. ఈ మాయ కోసం ఒకప్పుడు మూలన పడేసిన కెమెరాకు వేలు పోసి, దాన్ని ఎవరికో బహుమతిగా ఇచ్చే ముందు కొంచెం ఆలోచించండి. పాత ఒలింపస్‌లకు ఎక్స్‌డీ కార్డు కావాలి, పాత సోనీలకు మెమరీ స్టిక్, రెండూ ఇప్పుడు వెతుక్కోవాల్సిందే. ఎస్‌డీ కార్డు వేసే కెమెరా అయినా 2006కు ముందుదైతే 2 జీబీ దాటిన కార్డును గుర్తించకపోవచ్చు. బ్యాటరీ ఉబ్బి ఉండవచ్చు. విశాఖ, కాకినాడ వైపు సముద్రపు గాలిలో ఏళ్లు గడిపినదైతే లెన్స్ లోపల బూజు పట్టి ఉండవచ్చు. బాగు చేయిద్దామంటే క్యాసియో లాంటి కంపెనీ 2018లోనే కాంపాక్ట్‌లు మానేసింది.

'ఫోన్ ఉండగా కెమెరా ఎందుకు?' అనేదాన్ని అపోహ అని కొట్టిపారేయడానికి నాకు నోరు రావడం లేదు. జపాన్ కెమెరా తయారీదారుల సంఘం లెక్కల్లో లెన్స్ మార్చలేని కెమెరాలు 2010లో పది కోట్లకు పైగా పంపిణీ అయ్యాయి. 2023లో ఆ సంఖ్య సుమారు 17 లక్షలు. జనం ఊరికే వదిలేయలేదు. రాత్రిపూట మంచి ఫోన్ వరసగా అనేక ఫొటోలు తీసి కలిపి ఒకటిగా ఇస్తుంది. చిన్న సెన్సర్ కాంపాక్ట్‌కు ఆ తెలివి లేదు, చీకట్లో ఫోన్ దగ్గర ఓడిపోతుంది. ఒప్పుకుంటున్నాను. కాకపోతే కొల్లేరులో ఆటపాక గూడబాతులను పగటిపూట 12 రెట్లు దగ్గరకు లాగి తీయమనండి, మామూలు ఫోన్ చేతులెత్తేస్తుంది. ఇంకో సంగతి, కెమెరాకు ఓటీపీ రాదు, ఫోన్ కాల్ రాదు. ఎనిమిదేళ్ల పిల్లాడి చేతికి ఇవ్వగలిగింది అందుకే. డెబ్బై ఏళ్ల అమ్మమ్మకైతే తెర మీద ఎక్కడ తాకాలో వెతుక్కోకుండా నొక్కడానికి ఒక బటన్ ఉంటుంది.

అందుకే షాపుకు వెళ్లే ముందు 'ఏ కెమెరా?' అనే ప్రశ్న పక్కన పెట్టి 'ఎవరికి?' అని అడగండి. మంచి ఫోన్ ఉన్న పాతికేళ్ల కుర్రాడికి చిన్న సెన్సర్ కెమెరా ఇస్తే నెల తిరక్కుండా మూలన పడుతుంది. అతనికి ఇస్తే ఒక అంగుళం రకం సెన్సర్ ఉన్నదే ఇవ్వాలి, అంత డబ్బు లేకపోతే కెమెరా ఆలోచనే మానాలి. పిల్లలకు కొడాక్ పేరుతో వచ్చే ఎఫ్‌జెడ్45 లాంటిది నయం. 16 మెగాపిక్సెళ్లే, కానీ నిజమైన నాలుగు రెట్ల జూమ్, నిజమైన ఫ్లాష్. మామూలు పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది, సెల్స్ ఏ కిరాణా కొట్టులోనైనా దొరుకుతాయి. పెద్దవాళ్లకు బరువు తక్కువ, తెర పెద్దది, జూమ్ ఆప్టికల్ అయితే చాలు. చేతిలో ఉన్నది ఐదారు వేలేనా? వాళ్ల ఫోన్లోనే మగ్గుతున్న ఫొటోల్లోంచి ఓ రెండొందలు ఏరి, 4×6 ప్రింట్లు వేయించి, మంచి ఆల్బమ్‌లో పెట్టి ఇవ్వండి. ఆ 64 మెగాపిక్సెళ్ల పెట్టె కన్నా ఎక్కువసార్లు తెరుస్తారు.

అమెరికాలో ఉన్న అబ్బాయి తెస్తే చవక అనుకునేవాళ్లు వారంటీ ఎక్కడ చెల్లుతుందో ముందే అడగాలి. చాలా కంపెనీల వారంటీ కొన్న దేశం దాటదు. జపాన్ నుంచి తెప్పించుకుంటే మరీ జాగ్రత్త. అక్కడి వాళ్ల కోసం అమ్మే సోనీ కెమెరాల్లో చాలావాటి మెనూ జపనీస్‌లోనే ఉంటుంది, ఇంగ్లిష్‌కు మార్చుకునే వీలుండదు.

కొన్నాక దాన్ని అలాగే రంగు కాగితంలో చుట్టేయకండి. సీలు విప్పండి, బ్యాటరీ నిండా చార్జ్ చేయండి, కార్డు వేయండి, తేదీ, టైము సరిచేయండి, ఫొటో మూలన ఎర్రగా తేదీ పడే సెట్టింగ్ ఉంటే తీసేయండి. రాత్రి హాల్లో లైటు వేసి ఇంట్లోవాళ్లను నాలుగు ఫొటోలు తీసి టీవీలో చూడండి. బాగా రాకపోతే రిటర్న్ గడువు ఇంకా మీ చేతిలోనే ఉంటుంది. బాగా వస్తే ఆ నాలుగు ఫొటోలు చెరిపేసి మళ్లీ పెట్టెలో సర్దండి. బిల్లు కూడా అందులోనే పెట్టండి. ధర కనబడకూడదని పై భాగం చింపేసే మర్యాద మాత్రం వద్దు, వారంటీకి వెళ్తే సర్వీస్ సెంటర్ వాళ్లు బిల్లు మొత్తం చూపించమంటారు.