దంతవైద్యురాలు లూసీ హాబ్సు టేలరు

పంటినొప్పిని దాచుకొనుటయందు మన స్త్రీలకు గల నేర్పు మఱి యే నొప్పి విషయమునను కానరాదు. మా నాయనమ్మ బుగ్గన లవంగము పెట్టుకొని యింటెడు చాకిరియు చేసెడిది. వైద్యునకు చూపించుకొనరాదా యని యడిగినచో, "పరాయి మగవాని యెదుట నోరు తెఱచుకొని కూర్చుందునా?" యని కొట్టివేసెడిది. తుదకు పండ్లన్నియు ఒక్కటొక్కటిగా పోయి, మెత్తని యన్నము తప్ప మఱేమియు తినలేని స్థితి వచ్చెను.

మొన్న వేసవిలో మా చిన్నమ్మాయికి దవడపన్ను బాధింపగా, మా యూరి దంతవైద్యురాలి కడకు తీసికొనిపోతిని. ఆమె "ఏదీ తల్లీ, ఆ చెడ్డపన్ను నాకు చూపింతువా?" అనగానే, ఇంటివద్ద ఏడ్చి మొండికి పడిన పిల్ల కిమ్మనక నోరు తెఱచెను. మా నాయనమ్మ కీ భాగ్యము లేకపోయెను గదా యనుకొంటిని. దంతవైద్యమున పట్టము పొందిన మొదటి స్త్రీ యెవరో తెలిసికొనవలెనని నాకు నాడే బుద్ధి పుట్టెను. చదివి తెలిసికొన్నదానిని సోదరీమణులకు విన్నవించుచున్నాను.

లూసీ హాబ్సు 1833వ సంవత్సరము మార్చి 14వ తేదీన అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున, ఉత్తరపు కొసనున్న పల్లెసీమలో జన్మించెను. పదుగురు బిడ్డలలో ఈమె యేడవది. బాల్యముననే తల్లిని పోగొట్టుకొనెను. చదువు ముగిసిన పిమ్మట మిచిగను రాష్ట్రమున పదియేండ్లు ఉపాధ్యాయినిగా నుండెను. వైద్యము నేర్వవలెనను కోరికతో 1859లో సిన్సినాటి నగరమునకు పోయి, అచటి వైద్యకళాశాలవారిని చేర్చుకొమ్మని వేడెను. స్త్రీ యను ఒక్క కారణమున వారు నిరాకరించిరి. ఆ కళాశాల ఆచార్యు డొకడు మాత్రము ఆమెకు విడిగా పాఠములు చెప్పి, దంతవైద్యమును నేర్చుకొమ్మని సలహా నొసగెను.

జోనతాను టాఫ్టు అను ప్రసిద్ధ దంతవైద్యుడు ఆమెను కొంతకాలము తన వైద్యశాలలో నేర్చుకొననిచ్చెను. పిమ్మట సామ్యూలు వార్డిలు అనునతడు శిష్యురాలిగా గ్రహించెను. పగలు పనిముట్లు పట్టుట నేర్చి, రాత్రులు బట్టలు కుట్టి ఆమె పొట్ట పోసికొనెను. 1861లో ఒహైయో దంతవైద్య కళాశాలలో ప్రవేశము కోరగా, వారును స్త్రీలకు చోటు లేదనిరి.

ఇచ్చట నాదొక మాట. నేను బడికి పోయి చదివినదానను గాను. మా తండ్రిగారు ఇంటివద్దనే నాచే భారతమును, రఘువంశమును చదివించిరి. ఇరుగుపొరుగు పిల్లలకు పద్యములకు అర్థము చెప్పుచుందును. కాని మావారి బడిలో పాఠము చెప్పుటకు నేను అర్హురాలను గాను; నాకడ పట్టము లేదు. తెలిసినదానికి ముద్ర లేకుండుట యెట్టి వెలితియో నే నెఱుగుదును. కావుననే లూసీ యప్పుడు చేసిన పని నా మనస్సున నాటుకొన్నది.

ఆమె కన్నీరు కార్చుచు కూర్చుండలేదు. ఆ కాలమున పట్టము లేకున్నను వైద్యశాల తెఱచుటకు అడ్డు లేదు. అదే సంవత్సరమున సిన్సినాటిలో తెఱచెను. అంతలో అంతర్యుద్ధము రాగా పడమటనున్న ఐయోవా రాష్ట్రమునకు పోయి, మిసిసిపీ నదియొడ్డున బెల్వ్యూ, మెగ్రెగరు అను చిన్న పట్టణములలో పని సాగించెను. కాలితో త్రొక్కి నడుపు పంటిమర వచ్చినది 1871లో. అంతకుముందు పుచ్చును చేతి పనిముట్లతోడనే తొలిచి, పలుచని బంగారు రేకును కొంచెము కొంచెముగా ఆ గుంటలో దట్టించెడివారు. అందులకు బలముకన్న ఓర్పును, నిలుకడగల చేయియు ముఖ్యములు. పండ్లు పీకు ఆడుమనిషి యని జనులు మొదట వింతగా చెప్పుకొనిరి. వింత చూడవచ్చినవారే నొప్పి తీఱి పోయి, తమవారిని పంపిరి.

ఆమె పనితనమును చూచి 1865 జులైలో ఐయోవా దంతవైద్య సంఘమువారు ఆమెను సభ్యురాలిగా చేర్చుకొని, చికాగోలో జరిగిన జాతీయ సభకు ప్రతినిధిగా పంపిరి. ఆ నవంబరులో, మునుపు పొమ్మన్న ఒహైయో కళాశాలయే ఆమెకు తలుపు తెఱచెను. అప్పటికే పనియం దారితేఱినది గాన ఒక్క చదువుకాలము చాలెను. 1866 ఫిబ్రవరి 21వ తేదీన పట్టము పొందెను.

1867లో జేమ్సు టేలరు అనునతనిని వివాహమాడెను. అతడు యుద్ధమున పనిచేసినవాడు. రైలుపెట్టెలకు రంగులు వేయువాడు. భార్యకడ దంతవైద్యము నేర్చి తానును వైద్యు డయ్యెను. ఈ సంగతి మావారికి చదివి వినిపింపగా, "భార్యకు శిష్యుడగుట యే గృహస్థునకును క్రొత్త గాదు" అని నవ్విరి.

ఆ దంపతులు కాన్సస్ రాష్ట్రమున లారెన్సు అను చిన్న పట్టణమునకు పోయి స్థిరపడిరి. నాలుగేండ్ల క్రిందట, 1863 ఆగష్టు 21వ తేదీన, బానిసత్వపక్షపు దండు ఆ యూరిపై బడి, యిండ్లు తగులబెట్టి, 150 మందికి పైగా పురుషులను చంపిపోయెను. భర్తలను, కొడుకులను పోగొట్టుకొన్న స్త్రీలున్న ఆ యూరిలో, మసాచుసెట్సు వీధిలో వైద్యశాల పెట్టి, లూసీ ముఖ్యముగా స్త్రీలకును పిల్లలకును చికిత్స చేసెను. దాదాపు ఇరువదియేండ్లు భార్యాభర్తలు కలసి పనిచేసిరి. 1886లో భర్త గతింపగా ఆమె వైద్యము తగ్గించి, స్త్రీల సంఘములలోను, వోటుహక్కు కొఱకును పాటుపడెను. 1910 అక్టోబరు 3వ తేదీన ఆ యూరనే కన్ను మూసెను. కాన్సస్‌లో స్త్రీలకు సంపూర్ణమైన వోటుహక్కు లభించినది 1912లో. ఆమె దానిని చూడలేదు.

మన దేశమున మొదటి దంతవైద్య కళాశాలను డాక్టరు ఆర్. అహమ్మదు గారు కలకత్తాలో 1920లో నెలకొల్పిరి. నేడు మన దంతవైద్య కళాశాలలలో ఆడుపిల్లలు పెక్కుమంది చదువుచున్నారు. వారిలో ఎందఱు ఈమె పేరు వినియుందురో! కళాశాల తలుపు తట్టినపుడు తెఱవబడలేదు. పల్లెపట్టుల రోగులు నమ్మి నోరు తెఱచిన పిమ్మటనే అదియును తెఱవబడెను. పట్టము విద్యకు ముద్రయే గాని విద్య గాదని ఆమె జీవితమువలన నాకు కొంత ధైర్యము కలిగినది.

సోదరీమణులారా! నొప్పిని ఓర్చుకొనుట గొప్పతనమని మన పెద్దలు మనకు నేర్పిరి. మన బిడ్డలకు మనము దానిని నేర్పకుందము. రాత్రి పండ్లు తోమక పండుకొననీయకుడు. పన్ను జివ్వుమన్న నాడే చూపింపుడు. లవంగము నొప్పిని మఱపించును గాని పుచ్చును పూడ్చలేదు. మా చిన్నమ్మాయి యిప్పుడు దినమును కొయ్యబొమ్మను గోడకానించి కూర్చుండబెట్టి, "ఏదీ తల్లీ, చూపింతువా?" అని యడుగుచున్నది. మా నాయనమ్మ యుండినచో, ఆ పిల్లయెదుటనైనను నోరు తెఱచియుండును.