తూటాను చొక్కా ఆపుతుందా?

పోలీసు పిస్తోలు తూటా ఒంటి మీది బట్టల్ని కూడా దాటలేకపోయిందన్న కబుర్లు అప్పుడప్పుడూ వినిపిస్తుంటాయి. వాటిని నమ్మే ముందు అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి.

తూటాను ఆపే పోగు నిజంగానే ఉంది. అది మన సూళ్లూరుపేటకు కొత్తా కాదు. ఊరు దాటి పులికాట్ సరస్సు మీదుగా వెళ్లే రోడ్డు రాకెట్లు ఎగిరే శ్రీహరికోటకు చేరుతుంది. అక్కడి నుంచి ఏళ్ల తరబడి ఎగిరిన పీఎస్ఎల్‌వీ రాకెట్లలో మూడో దశ మోటారు పెట్టెను కెవ్లార్ పోగులతో చుట్టారు. 1965లో డ్యూపాంట్ కంపెనీలో స్టెఫనీ క్వోలెక్ కనిపెట్టిన ఈ పోగు, బరువుతో పోల్చి చూస్తే ఉక్కు కంటే ఐదు రెట్లు బలమైనది. చాలా బులెట్‌ప్రూఫ్ జాకెట్లకూ ఇదే ఆధారం. అయితే ఒక్క పొరతో పని జరగదు. ఎన్నో పొరలు ఒకదాని మీద ఒకటి పేరిస్తేనే పిస్తోలు తూటా ఆగుతుంది.

మరి బజారులో కొన్న జీన్స్, జర్కిన్ ఆపుతాయా?

లెక్క చూద్దాం. పోలీసుల దగ్గరుండే 9 ఎంఎం పిస్తోలు తూటా బరువు దాదాపు ఏడున్నర గ్రాములు. గొట్టం నుంచి సెకనుకు 350 మీటర్లకు పైగా వేగంతో వస్తుంది. చర్మాన్ని చీల్చడానికి సెకనుకు సుమారు 70 మీటర్ల వేగం చాలు. అంత జోరుగా వచ్చే తూటాకు నూలు బట్ట, రెండు పొరల డెనిమ్ అడ్డే కావు.

అయినా ఇలాంటి కథలు ఎందుకు పుడతాయి? 1881లో అమెరికాలోని టూంబ్‌స్టోన్ పట్టణంలో చార్లీ స్టార్మ్స్ అనే జూదరి కాల్పుల్లో చనిపోయాడు. గాయాన్ని పరీక్షించిన డాక్టర్ జార్జ్ గుడ్‌ఫెలోకు లోపల పట్టు రుమాలు దొరికింది. తూటా దాన్ని తనతోపాటు ఒంట్లోకి లాక్కుపోయింది, కానీ దాన్ని దాటి బయటపడలేదు. తూటా బట్టను దాటలేదు, మనిషి మాత్రం బతకలేదు. ఇందులో మొదటి సగం ఒక్కటే నోటికెక్కితే ‘తూటా బట్టను దాటలేదు’ అనే వార్త తయారవుతుంది.

కొరియా యుద్ధంలోనూ ఇలాంటి కథే పుట్టింది. చైనా సైనికుల దూది కోట్లను తమ కార్బైన్ తూటాలు దాటడం లేదని అమెరికా సైనికులు చెప్పుకున్నారు. తర్వాత చేసిన పరీక్షల్లో అలాంటి కోట్లను తూటాలు సులువుగా దాటిపోయాయి. గడ్డకట్టే చలిలో, కంగారులో పేల్చిన చాలా తూటాలు అసలు మనిషికే తగల్లేదన్నది నమ్మదగిన కారణం.

మన మన్యం కథ అందరికీ తెలిసిందే. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడితో మొదలైన పితూరీలో, అల్లూరి సీతారామరాజును తూటాలు తాకవన్న నమ్మకం ఊరూరా పాకింది. 1924 మే 7న కొయ్యూరులో ఆయన తూటాలకే బలయ్యారు. ఆయన ధైర్యం నిజం, త్యాగం నిజం. తూటాలు తాకవన్న మాట మాత్రం నిజం కాలేదు.

బట్ట వల్ల తూటాకు చిక్కు అసలే రాదా? వస్తుంది, మరో రకంగా. మొనలో గుంట ఉన్న తూటాలు ఒంట్లోకి దిగగానే విచ్చుకుని అక్కడే ఆగిపోవాలి. ఆ గుంటలోకి బట్ట పోగులు దూరితే అవి విచ్చుకోవు. అప్పుడు తూటా ఆగకపోగా, ఇంకా లోతుకు పోతుంది. దీనికి భిన్నంగా, తూటా తగినంత లోతుకు దిగకపోవడమూ సమస్యే. 1986 ఏప్రిల్ 11న మయామీలో జరిగిన కాల్పుల్లో ఎఫ్‌బీఐ పేల్చిన ఒక 9 ఎంఎం తూటా దుండగుడి చేతిని దాటి, ఛాతీలోకి దిగి, గుండెకు కాస్త ముందే ఆగింది. ఆ రోజు ఇద్దరు ఏజెంట్లు ప్రాణాలు కోల్పోయారు. ఆ తర్వాతే జెలటిన్ దిమ్మ మీద డెనిమ్, నూలు బట్ట పొరలు కప్పి కాల్చి చూసే పద్ధతి స్థిరపడింది. తూటా కనీసం 12 అంగుళాలు దిగితేనే పాసైనట్టు.

మన దగ్గర అసలు బెడద వేరే ఉంది: పేలని రౌండ్లు. 2019 ఆగస్టులో బిహార్ మాజీ ముఖ్యమంత్రి జగన్నాథ్ మిశ్రా అంత్యక్రియల్లో గౌరవ వందనానికి ఎత్తిన పోలీసు తుపాకుల్లో ఒక్కటీ పేలలేదు. ఇలాంటి వైఫల్యాలకు కారణాలు పెద్ద రహస్యమేమీ కాదు. తోలు బెల్టులో నెలల తరబడి ఉండిపోయిన రౌండ్‌ను తీసి చూడండి. ఇత్తడి మీద పచ్చని చిలుము కనిపిస్తుంది. తుపాకీకి పూసిన నూనె రౌండ్ అడుగునున్న క్యాప్‌లోకి ఇంకితే లోపలి మందు చచ్చుబడిపోతుంది. పులికాట్ లాంటి ఉప్పుగాలి తీరంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. మందు సగం సగంగా మండితే తూటా నీరసంగా బయటికొస్తుంది. అప్పుడది బట్ట దగ్గరే ఆగినా ఆశ్చర్యం లేదు. కానీ ఆ తప్పు బట్టది కాదు, తూటా రకానిదీ కాదు. నిల్వ చేసిన తీరుది.

ఈ తేడా తెలియకపోతే నష్టం మనకే. తూటాలు బలహీనమైనవన్న ప్రచారం ముదిరితే ఇంకా శక్తిమంతమైనవి కావాలన్న డిమాండ్ వస్తుంది. రద్దీగా ఉండే బజారు వీధిలో ఒక మనిషిని దాటి వెళ్లిన తూటా వెనకున్న అమాయకుడికి తగులుతుంది. మరోవైపు, పాత రౌండ్లతో రాత్రి గస్తీకి వెళ్లే కానిస్టేబుల్ ప్రాణానికి పూచీ ఉండదు.

అందుకే ఇలాంటి వార్త ఈసారి కంటపడితే నాలుగు ప్రశ్నలు అడగండి. తూటా నిజంగా తగిలిందా? ఆ రౌండ్ ఏ ఏడాది తయారైంది? ఖాళీ తొడుగునూ ఆ చొక్కానూ ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పంపారా? పంపితే నివేదికలో ఏముంది? స్టేషన్లలో గడువు తీరిన రౌండ్లను ఎప్పటికప్పుడు మార్చాలి, సిబ్బందికి క్రమం తప్పకుండా ఫైరింగ్ ప్రాక్టీస్ ఇవ్వాలి, ల్యాబ్ నివేదికలను ప్రజల ముందు పెట్టాలి. పోలీసు శాఖ ఈ మూడు పనులూ వెంటనే మొదలుపెట్టాలి.