మతిమరుపుకు పసుపు మందా?

చెరుకుపల్లి నుంచి తెనాలి మీదుగా వెళితే దుగ్గిరాల వస్తుంది. అక్కడి పసుపు మార్కెట్టు ప్రసిద్ధం. ఆ పసుపు అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బును ఆపగలదా?

శరీరం బరువులో మెదడు వంతు నూటికి 2 పాళ్లే. కాని శరీరం వాడే ఆక్సిజన్‌లో సుమారు 20 పాళ్లు దానికే కావాలి! ఈ వాడకంలో పుట్టే కొన్ని చురుకైన అణువులు మితిమీరితే కణాలను దెబ్బతీస్తాయి. ఇదే ఆక్సీకరణ ఒత్తిడి. అల్జీమర్స్ రోగుల మెదడులో ఈ నష్టం ఎక్కువ. ఆ అణువులను అణిచేవి యాంటీఆక్సిడెంట్లు.

పసుపులోని కర్క్యుమిన్ పరీక్షనాళికలో ఈ పని చేస్తుంది. కాని తిన్నప్పుడు రక్తంలో చేరేది బహుస్వల్పం. 2012లో వెలువడిన అమెరికా పరీక్షలో, 24 వారాలు వాడినా రోగులకు గుణం కనిపించలేదు. 2014లో 613 మందిపై పరీక్ష ఫలితాలు వచ్చాయి. విటమిన్ ఇ తీసుకున్నవారికి రోజువారీ పనులు చేసుకునే శక్తి కాస్త నెమ్మదిగా తగ్గింది. జ్ఞాపకశక్తి మాత్రం మెరుగుపడలేదు.

చూశారా! గాజు గొట్టంలో గెలిచిన మందు మనిషిలోనూ గెలవాలి. తాతయ్యకు మతిమరుపు ముదిరితే ప్రకటనలు నమ్మి మాత్రలు కొనకండి, వైద్యునికి చూపించండి.