మోటారు మూలిగితే

పిల్లలూ! సిరిసిల్ల వీధుల్లో నడిస్తే సాంచాల చప్పుడు వినిపిస్తుంది. మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. దాన్ని తిప్పేది ఇండక్షన్ మోటారు. 1888లో నికోలా టెస్లా అనే ఆయన ఇటువంటి మోటారుకు అమెరికాలో పేటెంటు పొందాడు.

నా దగ్గర చదువుకున్న ఒక కుర్రవాడు ఒకనాడు సాంచాల షెడ్డులో ఉన్నాడు. తండ్రి స్విచ్చి వేశాడు. మోటారు తిరగలేదు, "గుంయ్" మని మూలిగింది.

"బాపూ, బంద్ చెయ్యి!" అని కేక వేశాడు వాడు. తండ్రి వెంటనే ఆపాడు. మెకానిక్కు వచ్చి చూస్తే, ఒక ఫ్యూజు పోయి ఉన్నది!

ఎందుకు మూలిగింది? ఈ మోటారు లోపల రాగి తీగ చుట్టలున్నాయి. వాటిలో మూడు ఫేజుల కరెంటు ఒకదాని వెనుక ఒకటి పారితే అయస్కాంత బలం గుండ్రంగా తిరుగుతుంది. దాని వెంట నడుమనున్న రోటరు తిరుగుతుంది. ఒక ఫేజు పోతే ఆ బలం తిరగదు, ముందుకూ వెనక్కూ ఊగుతుంది. రోటరు కదలదు. కరెంటు మాత్రం ఎక్కువగా పారి చుట్టలను కాలుస్తుంది. తిరుగుతున్న మోటారుకు ఒక ఫేజు పోతే అది ఆగకపోవచ్చు. కాని మిగిలిన ఫేజుల మీద భారం పడి వేడెక్కుతుంది.

చుట్టలు మాడితే మళ్లీ చుట్టించాలి. అందాకా సాంచా నడవదు. నేసిన మీటర్లకే కూలి గనుక, ఆ ఇంట్లో పొయ్యికీ కష్టమే.

గరగరమంటే బేరింగు అరిగిందేమో. మాడు వాసన వస్తే చుట్టలకు ముప్పు. మీరు మాత్రం మోటారును ముట్టుకోకండి. మీ చెవీ ముక్కూ చాలు. వెంటనే పెద్దలతో చెప్పండి.