మేడమీద గోడ: ఇటుకా, జిప్సం బోర్డా?

వైద్యుడు గోడల గురించి వ్రాయడమేమిటని పాఠకులు ఆశ్చర్యపడవచ్చు. చికిత్స ఆరంభించే ముందు రోగికి ఎటువంటి గృహం సిద్ధం చేయాలో చరక సంహిత సూత్రస్థానంలోని పదిహేనవ అధ్యాయం వివరిస్తుంది. అది దృఢంగా ఉండాలి. ఈదురుగాలి తగలకూడదు గాని ఒక ప్రక్కనుండి గాలి ఆడాలి. పొగ, ఎండ, నీరు, ధూళి సోకకూడదు. గురుకులంలో ఈ భాగం వల్లించిన నాడు అది నా ఇంటికే అక్కరకు వస్తుందనుకోలేదు.

గోదావరి తీరంలోని మా ఇంటి మేడమీద ఒకే పెద్ద హాలు ఉండేది. మూడేళ్ళ క్రితం మా అబ్బాయి కుటుంబంతో వచ్చి స్థిరపడినప్పుడు దానిని రెండు గదులుగా, ఒక స్నానాల గదిగా విభజించవలసి వచ్చింది. నా మనస్సు ఇటుక గోడ మీదే. తట్టితే బోలుగా మ్రోగేది గోడేమిటని మా తరం వారి పట్టుదల. ఇంజనీరుగారు నన్ను క్రింది గదిలోకి తీసుకువెళ్ళి పైకప్పు చూపించారు.

"డాక్టరుగారూ, మీరు గోడ కట్టదలచిన చోట క్రింద దూలం లేదు. ఆ బరువంతా వట్టి స్లాబు మీద మోపుతారా?"

12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు గల నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ, ఇరువైపులా సిమెంటు పూతతో దాదాపు 3 టన్నులు తూగుతుందట. అదే కొలతలో ఇనుప చట్రానికి రెండు వైపులా జిప్సం బోర్డు బిగిస్తే 300 కిలోలకు మించదు. తేలిక సిమెంటు దిమ్మెలు మధ్యరకం. వాటి బరువు ఇటుక గోడ బరువులో సగానికి లోపే. నేను బోర్డుకు ఒప్పుకున్నాను.

జిప్సం మనకు పరాయి వస్తువు కాదు. జ్వరానికి, తలనొప్పికి మేము వాడే గోదంతి భస్మానికి మూల ఖనిజం అదే. దాని బరువులో అయిదవ వంతు స్ఫటికాలలో ఇమిడిన నీరే. నిప్పు తగిలితే ఆ నీరు ఆవిరై వేడిని కొంతసేపు నిలువరిస్తుంది. (గోడ గీకి మందు చేసుకోవద్దని వేరే చెప్పనక్కరలేదు.)

పొరపాటు నాది. పని చకచకా సాగుతున్నదన్న ఉత్సాహంలో స్నానాల గది గోడ కూడా మామూలు బోర్డుతోనే వేయించాను. ఆ వరుసలో క్రింద దూలం ఉన్నది, ఇటుక కట్టుకోవచ్చునని ఇంజనీరుగారు చెప్పినా వినలేదు.

వర్షాకాలం వచ్చింది. ఏడేళ్ళ మా మనుమడికి ఉబ్బసం ఉన్నది. రాత్రిళ్ళు దగ్గు ఎక్కువైంది. ఊపిరితిత్తుల వైద్యులు వ్రాసిన ఇన్‌హేలరు కొనసాగిస్తూనే, అడ్డసరపు కషాయం ఇచ్చాను. గుణం కనిపించలేదు. ఒకనాడు వాడే అన్నాడు: "తాతయ్యా, క్రింద నీ దగ్గర పడుకుంటే దగ్గు రావడం లేదు."

వాడి మంచం జరిపి చూశాము. స్నానాల గది గోడ అడుగున జానెడు ఎత్తున నల్లని బూజు. లోపల గొట్టం అతుకు కారుతున్నది. బోర్డుకు పైన అంటించేది కాగితమే. తడిస్తే బూజుకు అది ఆహారం. నిదాన పరివర్జనం, అంటే రోగకారణాన్ని తొలగించడం మొదటి చికిత్స అని శిష్యులకు నలభై ఏళ్ళుగా బోధిస్తున్న నేను, కారణాన్ని పిల్లవాడి తలాపినే పెట్టి కషాయాలు కాచాను!

ఆ గోడ తీయించి, దూలం మీద ఇటుకతో కట్టించి, పలకలు పరిపించాము. అది బాగా ఆరేదాకా పిల్లవాణ్ణి క్రిందనే పడుకోబెట్టాము. మళ్ళీ పైకి వెళ్ళాక రాత్రి దగ్గు రాలేదు. ఇన్‌హేలరు మానడం, మానకపోవడం ఆ వైద్యుల నిర్ణయం.

మేడమీద గది వేయదలచినవారు ముందుగా క్రింద దూలాలు ఎక్కడున్నవో ఇంజనీరు చేత చూపించుకోండి. నీటి గొట్టాలున్న గోడకు, దూలం ఉంటే, ఇటుకే మేలు. తప్పనిసరియై బోర్డే వేస్తే తేమను తట్టే రకం అడగండి, గదికి కిటికీ పెట్టించండి. మాటలు ప్రక్క గదికి వినబడకూడదంటే చట్రం నడుమ రాతి ఉన్ని నింపించాలి. అతుకులు నున్నగా రుద్దే రోజుల్లో పిండివంటి ధూళి లేస్తుంది; ఉబ్బసం ఉన్నవారిని ఇంట ఉంచకండి. బీరువాలు, అరలు వచ్చే చోట బోర్డు వెనుక ముందే ప్లైవుడ్ పెట్టించండి. మేము ఆ సంగతి మరచాము. మా తండ్రిగారి లోలకం గడియారం ఇప్పుడు స్నానాల గది గోడకే వేలాడుతున్నది.