నమ్మివచ్చిన మూగజీవి

మహాభారతంలో ఆదియందును, అంతమందును శునకం కనిపిస్తుంది. ఆదిపర్వంలో జనమేజయుని యాగశాలకు వచ్చిన సారమేయుణ్ణి రాజు తమ్ములు అకారణంగా కొట్టగా, తల్లి సరమ వచ్చి రాజును నిలదీస్తుంది. మహాప్రస్థానిక పర్వంలో, తన వెంట నడచివచ్చిన కుక్కను విడిచి స్వర్గరథం ఎక్కడానికి ధర్మరాజు సమ్మతించడు. నోరులేని జీవిని బాధించరాదు; నమ్మివచ్చిన దానిని విడువరాదు - ఇదే ఈ రెండు కథల సారాంశం. దాహంతో అలమటించే కుక్క కోసం బావిలో దిగి, తన పాదరక్షతో నీరు తెచ్చిపోసిన బాటసారి పాపాలు క్షమింపబడ్డాయన్న కథ ఇస్లాం సంప్రదాయంలోనూ ప్రసిద్ధం. ఈ రెండు సంప్రదాయాలూ పక్కపక్కన జీవిస్తున్న హైదరాబాదు పాతబస్తీలో, జూలు కుక్కను పెంచడమంటే ఏమిటో తెలుసుకుందాం.

మన ఇళ్లలో కనిపించే చిన్న జూలు కుక్కలు చాలావరకు చల్లని దేశాల నుండి వచ్చినవే. లాసా అప్సో టిబెట్టు జాతి. లాసా నగరం సముద్రమట్టానికి దాదాపు 3,650 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి మఠాలలోనూ, ఇళ్లలోనూ ఇది కావలి కాసేది. షిట్జు చైనా రాజప్రాసాదాలలో పెరిగింది. ఆ పేరుకు ‘సింహం’ అని అర్థం. పామేరియన్‌కు బాల్టిక్ సముద్రతీరంలోని పామరేనియా ప్రాంతం వల్ల ఆ పేరు వచ్చింది. మనం పామేరియన్ అని పిలిచే తెల్లని కుక్కలలో చాలా వాటి అసలు జాతి ఇండియన్ స్పిట్జ్. 1994లో విడుదలైన ‘హమ్ ఆప్కే హై కౌన్’ హిందీ చలనచిత్రంలోని టఫీ ఆ జాతిదే.

మే నెలలో హైదరాబాదు ఎండ 40 డిగ్రీలు దాటడం కద్దు. మనకు శరీరమంతటా చెమట పడుతుంది. కుక్కకు అరికాళ్లలో మాత్రమే కొద్దిగా పడుతుంది. అది ప్రధానంగా నాలుక చాచి రొప్పుతూ శరీరతాపాన్ని తగ్గించుకుంటుంది. షిట్జు వంటి పొట్టిముక్కు జాతులకు శ్వాసమార్గం ఇరుకైనందువల్ల ఆ పనీ కష్టమే. కాబట్టి డాబా మీది రేకుల గదిలో దానిని కట్టివేయడం ప్రాణాంతకం. పాత ఇళ్లలోని షాబాదు బండల నేల చల్లగా ఉంటుంది. మధ్యాహ్నవేళ దానికి అక్కడే చోటివ్వాలి. సూర్యోదయానికి ముందో, నేల చల్లబడిన తరువాతో బయటికి తీసుకువెళ్లాలి. ఎడతెగని రొప్పు, తూలుడు కనిపిస్తే వడదెబ్బగా భావించి, నీడకు చేర్చి, ఒంటిపై చల్లని నీరు పోసి, విసురుతూ, వెంటనే పశువైద్యుని వద్దకు తీసుకుపోవాలి.

వేడికి జూలే కారణమని తలచి కొందరు వేసవిలో కుక్కకు గుండు చేయిస్తారు. స్పిట్జ్, పామేరియన్ జాతులకు లోపల మెత్తని నూగు, పైన పొడవాటి వెంట్రుకలు ఉంటాయి. ఈ రెండు పొరలు చలి నుండే కాక ఎండ నుండి కూడా చర్మాన్ని కాపాడతాయి. వాటిని పూర్తిగా గొరిగించరాదు. లాసా అప్సో, షిట్జుల వెంట్రుకలు పెరుగుతూనే ఉంటాయి కనుక పొట్టిగా కత్తిరించవచ్చు. ఏ జాతికైనా నిత్యం దువ్వడం అవసరం. జడలు కట్టిన వెంట్రుకల కింద తడి నిలిచి చర్మం పుండ్లు పడుతుంది; పిడుదులు దాగి జ్వరాలు కలిగిస్తాయి.

ప్రేమతో పెట్టినదంతా మేలు చేయదు. బిర్యానీలోని ఉల్లిపాయ కుక్క రక్తకణాలను నాశనం చేస్తుంది. వండిన ఎముకలు పెళుసుగా విరిగి పేగులలో గుచ్చుకుంటాయి. పాయసంలోనో, షీర్ ఖుర్మాలోనో వేసే ఎండుద్రాక్ష మూత్రపిండాలకు హాని చేస్తుంది. చాక్లెట్ సైతం విషతుల్యమే.

రేబిస్ టీకాను మూడు నెలల వయసులో వేయించి, తరువాత వైద్యుని సలహా మేరకు ఏటా కొనసాగించాలి. ఈ వ్యాధి లక్షణాలు బయటపడితే బ్రతకడం దాదాపు అసాధ్యం. కుక్క కరచినా, గీరినా గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

శాలిబండ, గౌలిపురా వంటి బస్తీల ఇరుకు సందులలో గడపకు గడప ఎదురుగా ఉంటుంది. నమాజుకు శుచి పాటించేవారు కుక్క లాలాజలం సోకకుండా జాగ్రత్తపడతారు. మడి కట్టుకొనేవారూ అంతే. వారి ఆచారాన్ని గౌరవించడం పెంపకందారుని విధి. బయట గొలుసు కురచగా పట్టుకోవాలి. కుక్క మలాన్ని తానే ఎత్తివేయాలి. ఇరుగుపొరుగుకు తన వల్ల కష్టం కలగనప్పుడే కుక్కకు కూడా వీధిలో ఆదరణ లభిస్తుంది.

ఈ జాతులు సాధారణంగా 12 నుండి 15 ఏళ్లు జీవిస్తాయి. ఇంటర్మీడియట్ విద్యార్థి ముచ్చటపడి తెచ్చుకున్న కూన, అతడు గృహస్థుడయ్యే నాటికి వృద్ధాప్యంతో గుమ్మంలో ఎదురుచూస్తుంటుంది. ముచ్చట తీరిందనో, జబ్బు చేసిందనో దానిని వీధిలో వదిలివేసేవారు ఉన్నారు. ఆకలిదప్పులతో బాధపడేటట్లు జంతువును తగిన కారణం లేకుండా విడిచిపెట్టడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. చట్టం లేని కాలంలోనే ధర్మరాజు దానిని అధర్మంగా భావించి రథం ఎక్కకుండా నిలిచిపోయాడు. మనం కూనను ఇంటికి తెచ్చుకొనే ముందే నిలిచి ఆలోచించాలి: దీని జీవితమంతా దీనికి తోడుండగలమా?